ప్రైమరీలో చెల్లని పతకాలు

అమెరికా చట్టసభలకు పోటీచేసేవారిలో గత రెండు దశాబ్దాలుగా ఒక తరహా అభ్యర్థి పదేపదే కనిపిస్తున్నాడు. యౌవనంలో సైన్యంలో చేరి ఇరాక్‌లోనో అఫ్గానిస్థాన్‌లోనో పనిచేసి, యూనిఫాం విప్పాక వ్యాపారంలోకి దిగి బాగా గడించి, నడివయసులో సెనేట్‌కో ప్రతినిధుల సభకో నిలబడే ఈ వ్యక్తి ఓటరు ముందు రెండు యోగ్యతాపత్రాలు పెడతాడు. దేశం కోసం ప్రాణాలకు తెగించాననేది ఒకటి, సంస్థలు నడిపి పదిమందికి జీతాలిచ్చాననేది రెండోది. పార్టీలో కింది మెట్లు ఎక్కకుండానే పై మెట్టు మీద కాలు పెట్టడానికి ఇవి చాలునని ఎన్నికల సలహాదారులు నమ్ముతారు. ఆ నమ్మకం నవంబరులో జరిగే అసలు ఎన్నిక సంగతి ఎలా ఉన్నా, అంతకుముందు సొంత పార్టీలో జరిగే పోటీలో మాత్రం తరచుగా తేలిపోతుంది. 2022లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో డేవిడ్ మెకార్మిక్ ఎదుర్కొన్న రిపబ్లికన్ సెనేట్ ప్రైమరీ ఇందుకు చక్కని తార్కాణం.

ప్రైమరీ అంటే ఒక పార్టీ తరఫున ఎవరు పోటీచేయాలో నాయకులు కాక ఓటర్లే బ్యాలెట్ ద్వారా తేల్చే పద్ధతి. అభ్యర్థిని పార్టీ పెద్దలు గదిలో కూర్చుని ఖాయం చేసే రోజుల్లో దానికి విరుగుడుగా వచ్చిన సంస్కరణ ఇది. విస్కాన్సిన్ రాష్ట్రం 1904లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా దీన్ని ఆమోదించాక మిగతా రాష్ట్రాలు క్రమంగా అనుసరించాయి. బీ-ఫారం ఎవరి చేతికి వస్తుందోనని నామినేషన్ల గడువు ముగిసేదాకా ఆశావహులు అధిష్ఠానం గుమ్మం దగ్గర పడిగాపులు పడే దృశ్యానికి అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఇది ముచ్చటైన ఏర్పాటుగానే తోస్తుంది. అయితే నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. పెన్సిల్వేనియాలో పార్టీ ఓటరుగా ముందే నమోదైనవారికే ఓటు ఉంటుంది. బరిలో ఎందరున్నా అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారే విజేత. టెక్సాస్‌లోలాగా సగానికి పైగా ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్ పెట్టే పద్ధతి అక్కడ లేదు.

సైనిక నేపథ్యానికి ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో చూడాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. నిర్బంధ సైనిక సేవ అమల్లో ఉన్న తరంలో మాజీ సైనికుడు కావడం విశేషమేమీ కాదు. 1970ల తొలినాళ్లలో కాంగ్రెస్ సభ్యుల్లో నూటికి 70 మందికి పైగా ఏదో ఒక దశలో సైన్యంలో పనిచేసినవారే. 1973లో నిర్బంధ సేవ ముగిసి, సైన్యం పూర్తిగా స్వచ్ఛందం అయ్యాక ఆ వాటా ఐదో వంతు కంటే తక్కువకు పడిపోయింది. అరుదైన వస్తువు కనుక విలువ పెరిగింది. దీనికితోడు సైనిక సేవ సంపదకు ఒక మర్యాదను తెచ్చిపెడుతుంది. ఒట్టి కోటీశ్వరుడు ఓటడిగితే పదవిని కొనుక్కోవడానికి వచ్చాడంటారు, అదే కోటీశ్వరుడు ఒకప్పుడు పారాచూట్ దళంలో పనిచేసి ఉంటే సేవకు కొనసాగింపుగా వచ్చాడంటారు. రక్షణ శాఖ ఈ సంగతి గ్రహించే, యూనిఫాంలో దిగిన ఫొటోను మాజీ సైనికులు ప్రచారంలో వాడుకుంటే దాన్ని ఆ శాఖ మద్దతుగా భావించరాదన్న వివరణ స్పష్టంగా కనిపించేలా ఉండాలని నియమం పెట్టింది. ఆ అక్షరాలు సాధారణంగా ఫొటో అడుగున చీమల బారులా ఉంటాయి. ఓటరు చూపు మాత్రం పైనున్న పతకాల మీదే నిలుస్తుంది.

మెకార్మిక్ జీవిత పట్టిక ఈ మూసకు కొలిచి చేయించినట్టుంటుంది. పెన్సిల్వేనియాలోని బ్లూమ్స్‌బర్గ్‌లో పెరిగి, వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో 1987లో పట్టా పొంది, 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో అధికారిగా 1991 గల్ఫ్ యుద్ధంలో పాల్గొని కాంస్య నక్షత్ర పతకం అందుకున్నారు. తర్వాత ప్రిన్స్‌టన్‌లో డాక్టరేట్ చేసి, పిట్స్‌బర్గ్‌లోని ఫ్రీమార్కెట్స్ అనే సంస్థకు అధిపతి అయ్యారు. ఆ సంస్థ చేసే పని కొంచెం వివరించదగ్గది. ఒక పెద్ద తయారీదారుకు ఏదో విడిభాగం కావలసి వస్తే, దాన్ని సరఫరా చేయగల సంస్థలన్నీ నిర్ణీత సమయంలో కంప్యూటర్ల ముందు కూర్చుని, ఎదుటివారు చెప్పిన ధర తెర మీద చూస్తూ తమ ధరను ఇంకాస్త తగ్గించుకుంటూ పోతాయి. చివరికి అందరికంటే తక్కువ చెప్పినవారికి ఆర్డరు దక్కే అవకాశం ఎక్కువ. దీన్ని తిరగేసిన వేలం అంటారు. కొనుగోలుదారుకు అది ఆదా. పెన్సిల్వేనియాలోని చిన్న వర్క్‌షాపు యజమానికి మాత్రం సముద్రాల అవతలి చౌక కూలితో నిమిషాల్లో తలపడవలసిన అవస్థ. 2004లో ఆ సంస్థ మరొక సంస్థలో విలీనమైంది. మెకార్మిక్ జార్జ్ బుష్ ప్రభుత్వంలో ఆర్థిక శాఖలో ఉన్నత పదవి నిర్వహించి, 2009లో బ్రిడ్జ్‌వాటర్ అనే హెడ్జ్ ఫండ్ సంస్థలో చేరి దాని అధిపతి స్థాయికి ఎదిగారు. పెన్షన్ నిధులు, సంపన్నుల సొమ్ము కూడగట్టి, సాధారణ మ్యూచువల్ ఫండ్లకు ఉండే పరిమితులు లేకుండా లాభార్జనకు పెట్టే నిధిని హెడ్జ్ ఫండ్ అంటారు. ప్రపంచంలో అలాంటి వాటిలో అతి పెద్దదిగా బ్రిడ్జ్‌వాటర్‌కు పేరు.

ఇంతటి నేపథ్యం ప్రైమరీలో ఆస్తి కాకపోగా అప్పుగా మారింది. 2021 చివర బ్రిడ్జ్‌వాటర్ చైనా పెట్టుబడుల కోసం వంద కోట్ల డాలర్లకు పైగా సమీకరించిన సంగతిని ప్రత్యర్థులు టీవీ ప్రకటనల నిండా చాటారు. తిరగేసిన వేలంపాట ఉద్యోగాలను విదేశాలకు తరలించిన యంత్రంగా చిత్రణ పొందింది. కనెటికట్‌లో ఏళ్ల తరబడి నివసించి ఎన్నికల ముందు పిట్స్‌బర్గ్‌కు మకాం మార్చడాన్నీ తప్పుపట్టారు, ప్రధాన ప్రత్యర్థి, టీవీ వైద్యుడు మెహ్‌మెట్ ఓజ్ పొరుగునున్న న్యూజెర్సీ నివాసి అయినప్పటికీ. ఇద్దరూ సొంత సొమ్ము చెరి కోటి డాలర్లకు పైగా కుమ్మరించారు. తూకం మార్చిన బరువు మాత్రం మూడో వ్యక్తిది. డొనాల్డ్ ట్రంప్ తొలుత మద్దతిచ్చిన మాజీ సైనికాధికారి షాన్ పార్నెల్ కుటుంబ వివాదం కారణంగా 2021 నవంబరులో తప్పుకున్నాక, మరుసటి ఏప్రిల్‌లో ట్రంప్ ఓజ్‌ను ఎంచుకున్నారు. అందుకు ఆయన చెప్పిన కారణాల్లో, టీవీలో అన్నేళ్లు నిలదొక్కుకున్నవాణ్ని జనం మెచ్చినట్టే లెక్క అన్నది ఒకటి. మే 6న గ్రీన్స్‌బర్గ్ సభలో ఆయన మెకార్మిక్‌ను వాల్ స్ట్రీట్ మనిషిగా, తమ ఉద్యమానికి చెందనివాడిగా ఎండగట్టారు. మెకార్మిక్ భార్య దీనా పావెల్ ఒకప్పుడు ట్రంప్ ప్రభుత్వంలోనే జాతీయ భద్రతా ఉప సలహాదారు అన్న సంగతి ఏమాత్రం అక్కరకు రాలేదు.

మే 17న 13 లక్షలకు పైగా ఓట్లు పోలైన ఆ పోటీలో ఓజ్, మెకార్మిక్ చెరి 31 శాతం దగ్గర ఆగారు. అతి తక్కువ ఖర్చుతో మూడో స్థానంలో నిలిచిన క్యాథీ బార్నెట్‌కు దాదాపు 25 శాతం వచ్చాయి. మొదటి ఇద్దరి మధ్య తేడా వెయ్యి ఓట్ల లోపే కావడంతో, అర శాతం లోపు తేడా ఉంటే తప్పనిసరిగా మళ్లీ లెక్కించాలన్న రాష్ట్ర నియమం అమల్లోకి వచ్చింది. అప్పుడు మొత్తం వ్యవహారం తపాలా కవరు మీద తేదీ దగ్గరికి వచ్చి ఆగింది. తపాలా ఓటు వేసేవారు కవరు మీద సంతకంతోపాటు తేదీ కూడా రాయాలని చట్టం. సకాలంలో చేరినా తేదీ లేని కవర్లు కొన్ని మిగిలాయి. వాటిని లెక్కించాలని మెకార్మిక్ న్యాయవాదులు కోర్టుకెక్కగా, తపాలా ఓటును శంకించడం అప్పటికే సిద్ధాంతంగా మార్చుకున్న రిపబ్లికన్ జాతీయ కమిటీ తమ పార్టీ అభ్యర్థి వాదనకే అడ్డు నిలిచింది. జూన్ 2న రాష్ట్ర న్యాయస్థానం లెక్కించమని ఆదేశించింది. ఓట్ల తేడా ఎలాగూ పూడదని తేలడంతో మర్నాడే మెకార్మిక్ ఓటమిని అంగీకరించారు. నవంబరులో ఓజ్ డెమొక్రాట్ అభ్యర్థి జాన్ ఫెటర్‌మన్ చేతిలో ఓడిపోయారు.

రెండేళ్లకు అదే పతకాలతో, అదే సంపదతో, అదే చైనా మచ్చతో మెకార్మిక్ మళ్లీ వచ్చినప్పుడు 2024 ఏప్రిల్ ప్రైమరీలో ఆయనపై పోటీకి నిలిచినవారు ఒక్కరూ లేరు. ఈసారి సెనేట్ రిపబ్లికన్ల ఎన్నికల కమిటీ ముందుగానే దారి చదునుచేసింది, ట్రంప్ మద్దతూ దక్కింది. నవంబరులో ఆయన డెమొక్రాట్ అభ్యర్థి బాబ్ కేసీని పదిహేను వేల ఓట్లకు కాస్త అటూ ఇటుగా ఓడించి సెనేటర్ అయ్యారు. మొదటిసారి ఓటర్లు చూసి కాదన్నదీ, రెండోసారి చూసి ఔనన్నదీ ఒకే మనిషిని. మధ్యలో మారింది ఆ మనిషి కాదు, పైనుంచి వచ్చిన ఆశీస్సు. అదే సంవత్సరం మోంటానాలో ఈ ఆశీస్సు ఎంత వేగంగా పనిచేస్తుందో కూడా తెలిసింది. నౌకాదళ సీల్ కమాండోగా పనిచేసి, ఆకాశం నుంచి కార్చిచ్చులు ఆర్పే విమానాల సంస్థ బ్రిడ్జర్ ఏరోస్పేస్‌ను స్థాపించిన టిమ్ షీహీ మీద, అప్పటికే ప్రతినిధుల సభలో ఉన్న మ్యాట్ రోజెన్‌డేల్ ఫిబ్రవరి 9న పోటీ ప్రకటించారు. కొన్ని గంటల్లోనే ట్రంప్ షీహీకి మద్దతు ప్రకటించగా, వారం తిరక్కముందే రోజెన్‌డేల్ తప్పుకున్నారు. షీహీ సంస్థ 2023లో ఏడు కోట్ల డాలర్లకు పైగా నష్టాల్లో ఉన్న సంగతిని తూచి చూసే అవసరం ప్రైమరీ ఓటరుకు కలగనే లేదు.

సైన్యమా వ్యాపారమా అన్న పంతం నేరుగా పేలిన సందర్భం ఒహాయోలో 2022 మార్చిలో నడిచింది. సెనేట్ ప్రైమరీ అభ్యర్థుల చర్చా వేదిక మీద, మెరీన్ దళంలో పనిచేసిన జాష్ మాండెల్, పెట్టుబడుల వ్యాపారి మైక్ గిబ్బన్స్‌కు చైనా సంస్థలో వాటాలున్నాయని ఆరోపించగా, ప్రైవేటు రంగంలో ఒక్కనాడూ పనిచేయనివాడికి ఇది అర్థం కాదని గిబ్బన్స్ ఎద్దేవా చేశారు. రెండు దఫాలు యుద్ధ విధులకు వెళ్లొచ్చినవాడు పనిచేయలేదంటావా అని మాండెల్ మీదికి వెళ్లారు. ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడి అరుచుకున్న ఆ ఇద్దరినీ దాటుకుని టికెట్ తన్నుకుపోయింది, మెరీన్ దళం వార్తా విభాగంలో పనిచేసి తర్వాత వెంచర్ పెట్టుబడుల వ్యాపారం పెట్టుకున్న జె.డి. వాన్స్. ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లిన దంపతుల కుమార్తె ఉషా చిలుకూరి భర్తగా తెలుగువారికి ఆ పేరు పరిచితమే. సిలికాన్ వ్యాలీ కుబేరుడు పీటర్ థీల్ ఆయన కోసం ఒక సూపర్ ప్యాక్‌కు, అంటే అభ్యర్థితో సమన్వయం లేకుండా విరాళాల పరిమితి కూడా లేకుండా ఖర్చుపెట్టగల సంఘానికి, కోటిన్నర డాలర్లు ఇచ్చారు. ఏప్రిల్ మధ్యలో ట్రంప్ మద్దతు తోడయ్యాక వాన్స్‌కు 32 శాతం ఓట్లు వచ్చాయి. మూడింట రెండు వంతులమంది వేరేవారిని కోరుకున్నారన్న మాట.

డబ్బు ఒక్కటే చాలదని చెప్పడానికి మేరీలాండ్ ఉంది. అభ్యర్థి తన సొంత సొమ్ము ఎంతైనా ఖర్చుపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 1976లోనే తేల్చింది. సంపన్న అభ్యర్థి ఎదుట నిలిచినవారికి విరాళాల పరిమితి పెంచిన చట్టాన్ని కూడా 2008లో కొట్టివేసింది. మద్యం దుకాణాల గొలుసు అధిపతి డేవిడ్ ట్రోన్ ఈ స్వేచ్ఛను 2016లో వాడుకుని కోటి డాలర్లకు పైగా పెట్టి ఓడిపోయి, 2018లో పక్క నియోజకవర్గానికి మారి, హైదరాబాద్‌లో పుట్టిన రవాణా ఇంజనీరు, రాష్ట్ర శాసనసభ్యురాలు అరుణా మిల్లర్‌ను డెమొక్రాటిక్ ప్రైమరీలో ఓడించారు. 2024 సెనేట్ ప్రైమరీలో ఆరు కోట్ల డాలర్లు దాటించి కూడా ఆయన మళ్లీ ఓడారు. అరుణా మిల్లర్ మాత్రం 2022లో మాజీ సైనికాధికారి వెస్ మూర్‌తో జతగా నిలిచి లెఫ్టినెంట్ గవర్నరయ్యారు; ఆ జంట ప్రైమరీ గెలిచిందీ మూడో వంతు లోపు ఓట్లతోనే.

భారతదేశంలో టికెట్ ఇచ్చిన పార్టీని సభలో ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం సభ్యత్వాన్ని తీసేస్తుంది. అమెరికాలో అలాంటి చట్టం లేదు, సభ్యుడు మనస్సాక్షి ప్రకారం ఓటేయవచ్చునని గొప్పగా చెబుతారు; అయితే ధిక్కరించినవారిని ఇంటికి పంపే పనిని ఇప్పుడు ప్రైమరీ చేసిపెడుతోంది. ఇరాక్‌లో సైన్యం తరఫున పనిచేసిన పీటర్ మైయర్, మిషిగన్‌లో సూపర్‌మార్కెట్ల గొలుసు నడిపే వ్యాపార కుటుంబ వారసుడు, 2021 జనవరి 3న ప్రతినిధుల సభలో ప్రమాణం చేసి, పది రోజులకే ట్రంప్ అభిశంసనకు అనుకూలంగా ఓటేశారు. 2022 ప్రైమరీలో ట్రంప్ మద్దతున్న జాన్ గిబ్స్ ఆయనను ఓడించారు. అప్పుడు గిబ్స్‌కు ప్రచారం కలిసొచ్చేలా టీవీ ప్రకటనల మీద నాలుగు లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది డెమొక్రాటిక్ పార్టీ కమిటీ. బలహీన ప్రత్యర్థి దొరికితే నవంబరులో సీటు తమదవుతుందన్న లెక్క అది, అలాగే అయింది కూడా. అభిశంసనకు ఓటేసిన పదిమంది రిపబ్లికన్లలో నలుగురు పోటీకే దూరమయ్యారు, నలుగురు ప్రైమరీలో ఓడారు. తిరిగి సభకు వచ్చిన ఇద్దరూ, డాన్ న్యూహౌస్, డేవిడ్ వలడావో, అన్ని పార్టీల అభ్యర్థులనూ ఒకే బ్యాలెట్ మీద పెట్టి, అందరు ఓటర్లకూ అవకాశమిచ్చి, మొదటి ఇద్దరిని నవంబరుకు పంపే వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలకు చెందినవారు. ఆ పద్ధతిలోనే, అదే వాషింగ్టన్‌లో, జైమీ హెరెరా బ్యూట్లర్ మూడో స్థానానికి జారి ఓడిపోయారు గనుక దాన్ని సర్వరోగ నివారిణిగా చెప్పలేం. మైయర్ 2024లో సెనేట్‌కు మరో ప్రయత్నం చేసి, ప్రైమరీ పోలింగ్ దాకా వెళ్లకుండానే తప్పుకున్నారు.