నెత్తురుమీద సున్నము

అద్దెయింట హత్య జరిగిన మరునాడు గృహస్వామి చేయు మొదటి పని యేదియో మన పట్టణవాసులు ఎరుగనిది కాదు. సున్నము తెప్పించును. పిమ్మట శాంతి చేయించుటకు పురోహితునికి కబురంపును. ఆ పిమ్మట, హతుని భార్య కన్నీరు తుడుచుకొనక మునుపే గుమ్మమున నిలిచి, "అమ్మా, మీరు వేరొక యిల్లు చూచుకొనవలసినది" అనును. ఈ మూడింటిలో చట్టము చేయుమన్నది ఒక్కటియు లేదు. మొదటిదియు, మూడవదియు, చేయు తీరునుబట్టి చట్టవిరుద్ధములు కూడ కాగలవు.

మన గృహస్వాములెరిగిన బాధ్యత ఒక్కటే: అద్దెకు వచ్చినవాని ఆధారు ప్రతిని పోలీసుస్టేషనులో ఇచ్చుట. అధికారులు అట్లు ఉత్తరువు జారీచేసినచోట దానిని మీరుట భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షను ననుసరించి నేరము. ఇది నేడు పుట్టిన ఆలోచన కాదు. అర్థశాస్త్రము రెండవ అధికరణమున కౌటిల్యుడు, గృహస్వామి తన యింటికి వచ్చినవారిని, వెడలినవారిని గూర్చి నివేదింపవలయుననియు, నివేదింపనిచో ఆ రాత్రి జరిగిన దోషమునకు తానే బాధ్యుడగుననియు, ఏ దోషమును జరుగని రాత్రి యైనను మూడు పణములు చెల్లింపవలయుననియు విధించియున్నాడు. కాని యిదంతయు నేరమునకు ముందటి మాట. రసీదు పుచ్చుకొన్నంతనే తన పని తీరినదని తలచు యజమానికి, అసలు ధర్మము నేరము జరిగిన పిమ్మటనే మొదలగునని చెప్పువారేరీ?

1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత, హత్య జరిగినట్లు ఎరిగిన ప్రతి మనుష్యుడును తగిన కారణము లేనిదే మౌనము వహింపక పోలీసువారికిగాని మేజిస్ట్రేటునకుగాని తెలుపవలయునని 33వ సెక్షనులో శాసించినది. "పొరుగువారు చెప్పుదురులే" యనుట గృహస్వామికి చెల్లదు. చెప్పిన పిమ్మట తాకకుండుట రెండవ విధి. ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడదగిన నేరములలో శాస్త్రపరీక్షకులు నేరస్థలమునకు వచ్చి సాక్ష్యమును సేకరింపవలయునని అదే సంహిత 176వ సెక్షను విధించుచున్నది. దీనిని అమలుపరచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు కలదు. గోడపై నెత్తుటి చార, తలుపు గొళ్లెముపై వ్రేలిముద్ర, నేలపై ఒక్క వెంట్రుక, ఇవియే రేపు నోరులేని హతుని పక్షమున పలుకు సాక్షులు. ఒక్క సున్నపు కుంచె వాటినన్నిటిని మూగలను చేయగలదు. నేరగానిని కాపాడు ఉద్దేశముతో ఎరిగి సాక్ష్యమును మాపినవానికి, ఆ నేరము మరణశిక్షకు తగినదైనచో, ఏడేండ్లవరకు శిక్ష కలదు. తెలియక వెల్ల వేయించినవాడు ఈ సెక్షనులో చిక్కుకొనడు. ఆ సూక్ష్మమును మేము దాచము. కాని తెలిసి పూసినను, తెలియక పూసినను, హంతకునికి కలుగు లాభము ఒక్కటియే గదా!

యజమానులకును ఒక మొర కలదు: పోలీసువారు తాళము వేసిన యిల్లు నెలలకొలది తెరవబడదు, అద్దె రాదు అని. ఈ మొరలో న్యాయమున్నది. దర్యాప్తునకు ఆస్తిని పట్టుకొను పోలీసు అధికారము స్థిరాస్తికి వర్తింపదని 2019లో నెవాడా ప్రాపర్టీస్ కేసున సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. సాక్ష్యసేకరణకై కొన్నినాళ్లు మూసియుంచుట వేరు. ఇంటిని వశపరచుకొని కూర్చుండుట వేరు. పని ముగిసినను తాళము తీయనిచో న్యాయస్థానము తలుపు తట్టవచ్చును. తన హక్కునకు కోర్టు కలదని యెరిగిన యజమాని, అద్దెదారుని హక్కునకును అదే కోర్టు కలదని మరచుట యెట్లు?

నెలసరి అద్దెకున్నవారిని ఖాళీచేయింపవలెనన్న, వేరు ఒడంబడిక లేనియెడల, పదునైదు దినముల నోటీసు ఇవ్వవలయునని 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము 106వ సెక్షను చెప్పుచున్నది. నోటీసు ఇచ్చినంతమాత్రమున చెంబులు, చాపలు వీధిలో పారవేయుటకు అధికారము రాదు. భర్త చనిపోయినంతనే ఒడంబడిక చావదు. అది వారసులకు సంక్రమించును. బలాత్కారముగా వెడలగొట్టబడినవారు ఆరునెలలలోపున దావావేసి, ఇంటి హక్కు ఎవరిదను విచారణతో నిమిత్తము లేకుండగనే, స్వాధీనమును తిరిగి పొందవచ్చునని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫు చట్టము 6వ సెక్షను అభయమిచ్చుచున్నది. ఈ యభయమెరిగిన విధవరా లెవరు? ఎరిగినను, చితి చల్లారక మునుపే వకీలు గుమ్మమెక్కగల దెవరు?

మన రెండు తెలుగు రాష్ట్రములలోను హత్యయే జరుగనక్కరలేదు. సహజముగా చనిపోయిన అద్దెదారుని శవమును సైతము గడప దాటనీయని గృహస్వాములను గూర్చి పత్రికలలో పలుమారు చదువుచున్నాము. వీధిలో గుడారమువేసి, వానలో తడియుచు తండ్రి శవమునకు కాపలా కాచిన బిడ్డలను గూర్చి చదివితిమి. మైల యట! ఏ తాతయు కన్నుమూయని పాత యిల్లు ఈ దేశమున ఎచ్చట నున్నది? పెంకుటిండ్లలో, మండువా లోగిళ్లలో మన పెద్దలు పుట్టిరి, అక్కడనే పోయిరి. ఆ యిండ్లనే అమ్మి, నేడు వాటాలుగా అద్దెకిచ్చు మేడలు కట్టిరి. ఆ మేడలకు లేని మైల అద్దెదారుని శవమునకు మాత్రము వచ్చినదా? ఒకటవ తేదీన పుచ్చుకొను రూపాయలకు మైల అంటదు కాబోలు!

ఇక, రాబోవు అద్దెదారునకు చెప్పవలయునా? జపాను ప్రభుత్వము 2021లో ప్రకటించిన మార్గసూచికలయందు హత్య, ఆత్మహత్య జరిగిన అద్దెయిండ్ల విషయమును సుమారు మూడేండ్లవరకు తెలుపవలయునని యున్నది; సహజమరణమును చెప్పనక్కరలేదనియు అందే యున్నది. మన 1882 నాటి చట్టము, అద్దెదారునకు తెలియని ముఖ్యలోపములను యజమాని తెలుపవలయునని 108వ సెక్షనులో చెప్పినదేగాని, హత్య అట్టి లోపమా కాదా యను మాటను ఆ సెక్షనులో వ్రాయలేదు. ఈ లోటును శాసనసభలు పూరింపవలయును. అంతవరకును ఒక్కటి నిశ్చయము: అడిగినవానితో ఎరిగి బొంకి ఒడంబడిక వ్రాయించుకొన్నచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము ననుసరించి, మోసపోయినవాడు దానిని రద్దుచేసికొనవచ్చును.

పోలీసుస్టేషనులలో గృహస్వాములచే నింపించు పత్రమున అద్దెదారుని తండ్రిపేరు, స్వగ్రామము, ఛాయాచిత్రము, అన్నియు అడుగుదురు. యజమాని ధర్మమును గూర్చి మాత్రము అందెందులకు ఉండకూడదు? ఆ పత్రము వెనుకవైపున తెలుగులో నాలుగు పంక్తులు అచ్చువేయింపుడని రెండు ప్రభుత్వములను మేము కోరుచున్నాము: నేరము జరిగినచో వెంటనే తెలుపుము, అధికారులు చెప్పువరకు గోడను, నేలను తాకకుము, మిగిలినవారిని బలాత్కారముగా వెడలగొట్టకుము, శవమును గడపకు రానిమ్ము. ఈ నాలుగింటిక్రింద కూడ గృహస్వామి చేవ్రాలు పుచ్చుకొనవలయును.