గొయ్యి తవ్వకముందే అడగాలి

కోడుమూరులో పొద్దుగూకగానే ఇంటింటా లైట్లు వెలుగుతాయి. వసారాలో ఫ్యాను తిరుగుతుంటుంది. అవ్వ మంచం మీద చేరగిలబడి సీరియల్ చూస్తుంటుంది. ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తోందని ఎవరూ అడగరు. పోయినప్పుడు తప్ప దాని ఊసే రాదు!

పగటిపూట ఎండ కొంత ఆదుకుంటుంది. కర్నూలుకు అట్టే దూరం లేని గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. కానీ పొద్దు వాలితే దాని పని అయిపోయినట్టే. అప్పుడు బరువంతా ఎక్కువగా బొగ్గు మీదే పడుతుంది. సీమకు ఆ కరెంటు ఇచ్చేందుకే కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టారు. అక్కడ మొదటి యూనిట్ 1994లో మొదలైంది. ఆ కేంద్రానికి గోదావరి లోయలోని సింగరేణి గనుల నుంచి బొగ్గు రైళ్లు వందల కిలోమీటర్లు దాటి వస్తాయి.

అంటే కోడుమూరులో రాత్రి దీపం వెలగాలంటే ఎక్కడో గోదావరి పక్కన ఓ రైతు పొలం గొయ్యిగా మారాలి. ఆ గొయ్యి వల్ల ఆ ఊరికి ఎంత చెడుపు జరుగుతుంది, అందులో ఎంత తప్పించవచ్చు అన్నది తవ్వడం మొదలయ్యాక తేలే విషయం కాదు. మొదటి పార దిగకముందే, కాగితాల మీదే తేలిపోతుంది.

బాయి పోయి బొంద వచ్చె

సింగరేణి కార్మికుడి నోట గనిని ‘బాయి’ అంటారు. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచి చాలాకాలం అవి నిజంగా బావుల్లాంటివే. కార్మికులు భూమి లోపలికి దిగి బొగ్గు తీసేవారు, పైన పొలాలు పొలాల్లాగే ఉండేవి. 1975లో రామగుండంలో యంత్రాలతో ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైంది. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. అందులో ఇంచుమించు పది టన్నులకు తొమ్మిది టన్నులు ఓపెన్‌కాస్టుల నుంచి వచ్చిందే.

కంపెనీ ఇటు మొగ్గడానికి కారణాలు లేకపోలేదు. భూగర్భ గనిలో కప్పు కూలకుండా చాలా బొగ్గును స్తంభాలుగా వదిలేయాలి. ఎంత జాగ్రత్తపడినా కప్పు కూలి కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. ఓపెన్‌కాస్టులో ఆ భయం ఉండదు, ఖర్చు తక్కువ, ఉన్న బొగ్గు దాదాపు అంతా దొరుకుతుంది. కానీ పైనున్న నేల మొత్తం లేచిపోతుంది. ఒక టన్ను బొగ్గు కోసం అయిదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి పెళ్లగించాల్సి వస్తోంది. అంటే దాదాపు రెండు ట్రాక్టర్ ట్రాలీలు! ఆ మట్టంతా కొండలై నిలుస్తుంది. పక్కనే వందల అడుగుల లోతు గొయ్యి. తెలంగాణ పల్లెలు దీనికి పెట్టుకున్న పేరు ‘బొందలగడ్డ’.

గని కావాలా వద్దా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. ఉండాలి కూడా. అయితే గని వచ్చే చోట నాలుగు విషయాలు ముందే గట్టిగా పట్టుకోకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం ఉండదు.

పైమట్టి ఎక్కడ పోస్తారు?

చెరువు ఎండితే రైతులు ఒండ్రు తోలుకుని చేలో చల్లుకుంటారు. సారమంతా ఆ జానెడు మట్టిలోనే ఉందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఓపెన్‌కాస్టులో మొదట లేచేది ఆ మట్టే. దాన్ని విడిగా తీసి, ఎత్తు తక్కువ కుప్పలుగా పోసి, వానకు కొట్టుకుపోకుండా గడ్డి పెంచి, వీలైనంత త్వరగా పూడ్చిన నేల మీద మళ్లీ పరచాలి. ఏళ్ల తరబడి ఎత్తుగా పోసి ఉంచితే అందులో జీవం చచ్చిపోతుంది. ఇక పొరపాటున రాళ్లమట్టిలో కలిసిపోతే అంతే సంగతులు. తర్వాత ఆ దిబ్బ మీద ఎన్ని మొక్కలు నాటినా కంపచెట్లే మిగులుతాయి.

అందుకే ‘మొక్కలు నాటుతాం’ అన్న మాటతో ఊరుకోకూడదు. పైమట్టి ఏ సర్వే నంబరులో పోస్తారు? ఏ సంవత్సరం ఎక్కడ పరుస్తారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు పటం మీద కనిపించాలి.

నీళ్లు ఎవరి బావిలోవి?

పక్క చేనులో లోతైన బోరు పడితే తన బావి ఏమవుతుందో సీమ రైతుకు బాగా తెలుసు. ఓపెన్‌కాస్ట్ గని అంతకంటే పెద్ద బావి. లోపల ఊరే నీటిని రాత్రింబవళ్లు తోడిపోస్తూనే ఉండాలి. లేకుంటే యంత్రాలు మునుగుతాయి. అలా తోడే కొద్దీ చుట్టుపక్కల నీటిమట్టం దిగిపోతుంది. ఎంత దూరం, ఎంత లోతు అన్నది అక్కడి రాతి పొరలను బట్టి ఉంటుంది.

చుట్టూ ఊళ్లలోని బావుల నీటిమట్టం ఏడాదికి నాలుగుసార్లు కొలవాలని, గని వల్ల బావులు ఎండితే ఆ ఊళ్లకు కంపెనీయే నీళ్లివ్వాలని బొగ్గు గనుల అనుమతి పత్రాల్లో సాధారణంగా షరతులుంటాయి. కానీ గని రాకముందు బావిలో నీళ్లు ఎంత లోతులో ఉండేవో లెక్క లేకపోతే, ఎండింది గని వల్లా, కరువు వల్లా అన్న తగువు తెగదు. అందుకే తవ్వకానికి ముందే ప్రతి బావి, ప్రతి బోరు లోతు కొలిపించి, ఆ కాగితం నకలు పంచాయతీలో పెట్టించుకోవాలి.

దిబ్బల మీద పడ్డ వాన కూడా చిన్న సంగతి కాదు. ఆ నీరు మట్టిని మోసుకొచ్చి వాగులు, చెరువులు పూడ్చేస్తుంది. దిబ్బ చుట్టూ కాలువ తవ్వి, నీటిని గుంటల్లో నిలిపి, మట్టి దిగాకే బయటికి వదలాలి. ఆ కాలువ ముందు తవ్వాలి, దిబ్బ తర్వాత లేవాలి.

గోడ మీద బీట

ఓపెన్‌కాస్టులో రాతిని మందుగుండుతో పేలుస్తారు. నేల అదురుతుంది. ఊళ్లో ఇళ్ల దగ్గర ఆ అదురు ఎంత మించకూడదో గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ కార్యాలయం 1997లోనే చెప్పింది. మామూలు ఇళ్లకైతే అదురు తీరును బట్టి సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు. దీన్ని కొలిచే పరికరాలున్నాయి. ఆ పరికరం గని ఆఫీసులో కాక ఊరి చివరి ఇంటి దగ్గర ఉందా లేదా అన్నదే అడగాల్సింది. ఇంకో చిన్న పని కూడా ఉంది. పేలుళ్లు మొదలయ్యే ముందే ప్రతి ఇంటి గోడలూ తేదీతో సహా ఫొటోలు తీయించాలి. తర్వాత బీట పడితే అది పాతదా కొత్తదా అన్న వాదనకు చోటుండదు.

ఇక దుమ్ము. రోడ్లు తడపడం, లారీల మీద పట్టాలు కప్పడం మంచివే. అయినా అసలు మందు బొగ్గును రోడ్డెక్కించకపోవడమే. సత్తుపల్లి గనుల బొగ్గు ఏళ్ల తరబడి లారీల్లో ఊళ్ల మీదుగా కొత్తగూడెం వైపు వెళ్లేది. భద్రాచలం రోడ్డు నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలు మార్గం 2022లో పూర్తయింది. ఖర్చులో పెద్ద భాగం సింగరేణే భరించింది. ఆ రైలు గనితోపాటే వచ్చి ఉంటే దారి పొడుగునా ఊళ్లు అన్నేళ్లు దుమ్ము మింగేవి కావు. రైలు ముందా, బొగ్గు ముందా అన్న ప్రశ్న కూడా కాగితం దశలోనే వేయాలి.

చివరి గొయ్యి

గని ఇరవై, ముప్ఫై ఏళ్లు నడుస్తుంది. తర్వాత? తీసిన మట్టిని వెనక నుంచి పూడ్చుకుంటూ వచ్చినా, చివర్లో ఒక పెద్ద గొయ్యి మిగులుతుంది. పూడ్చే డబ్బు అప్పుడు చూసుకుందామంటే ఎవరూ చూడరు. అమెరికాలో 1977లో చేసిన చట్టం ప్రకారం తవ్వే ముందే కంపెనీ పూచీ కట్టాలి. నేలను ఇంచుమించు పాత రూపానికి తేవాలి. మన దగ్గర 2009లో కేంద్ర బొగ్గు శాఖ ఇలాంటి పద్ధతే పెట్టింది. ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన, ఏటేటా పెంచుకుంటూ, బ్యాంకులో విడి ఖాతాలో వేయాలన్నారు. పని చేసినట్టు తేలితేనే డబ్బు వెనక్కి వస్తుంది. తర్వాత నిబంధనలు సవరించినా మూలసూత్రం అదే.

గొయ్యిని చెరువు చేస్తామన్న మాట వినడానికి బాగుంటుంది. జర్మనీలోని లుసాటియా ప్రాంతంలో పాత గనులను నిజంగానే పెద్ద సరస్సులుగా మార్చారు, జనం పడవల్లో తిరుగుతున్నారు. కానీ అందుకు దశాబ్దాలు పట్టింది, బోలెడు ప్రజాధనం పోసింది. కొన్నిచోట్ల నీరు పుల్లబడితే సున్నం కలిపి సరిచేయాల్సి వచ్చింది. అందుకే చెరువు అంటే సరిపోదు. గట్టు వాలు ఎంత, కంచె ఎవరు వేస్తారు, నీళ్లు పశువులు తాగొచ్చా, చివరికి ఆ నేల ఎవరికి చెందుతుంది? ఇవన్నీ రాతలో ఉండాలి.

పదిమంది వచ్చినా సభే

ఇవన్నీ ఎక్కడ అడగాలి? అందుకు చట్టం ఓ చోటు చూపించింది. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి గనికి అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. పాత గనుల విస్తరణకు కొన్ని మినహాయింపులున్నా, కొత్త గనికి ఇది మామూలుగా తప్పదు. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేసే ఆ సభకు కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. కలెక్టరేట్, జిల్లా పరిషత్, పంచాయతీల వంటి చోట్ల దాన్ని చూడొచ్చు. రాలేనివాళ్లు రాసి పంపొచ్చు. సభ మొత్తం వీడియో తీస్తారు. చివర్లో ఎవరేమన్నారో జనానికి వాళ్ల భాషలో చదివి వినిపించాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ సభకు ఇంతమంది రావాలన్న నియమం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క! కోపంతో సభను వదిలి వెళ్లిపోయిన ఊరి అభ్యంతరం ఒక్క వాక్యంగా మిగులుతుంది. బావి లోతు, ఇంటి ఫొటో, సర్వే నంబరు పట్టుకుని అడిగిన ఊరి ప్రశ్నలు మాత్రం రికార్డుకెక్కుతాయి. వాటికి కంపెనీ జవాబు రాయాలి. ఢిల్లీలో నిపుణుల కమిటీ ముందుకు ఆ కాగితమే వెళ్తుంది. అనుమతి వచ్చాక కూడా ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అనుమతి సరికాదనుకుంటే 30 రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. తెలుగు రాష్ట్రాలకు దాని బెంచి చెన్నైలో ఉంది.

సీమలోనూ గోతులే

కోడుమూరు కింద బొగ్గు లేదుగా, మనకెందుకీ గొడవ అనుకోవచ్చు. బొగ్గు లేకపోయినా గోతులున్నాయి. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ముగ్గురాయి గని ఓపెన్‌కాస్టే. బేతంచెర్ల చుట్టూ నాపరాయి తీసిన గుంతలు ఎన్నో. తుగ్గలి మండలం జొన్నగిరిలో బంగారం కోసం తవ్వుతున్నదీ పైనుంచే. అక్కడ పైమట్టి, నీళ్లు, పేలుళ్లు, చివరి గొయ్యి అన్న నాలుగు ప్రశ్నలకు అయిదోది చేరుతుంది. ఖనిజం శుద్ధి చేశాక మిగిలే బురదను ఎక్కడ, ఎన్నేళ్లు, ఎలా కాపాడతారు? దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు 2024 చివర్లో చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. తవ్వకాలు ఆపుతున్నట్టు జిల్లా అధికారులు ప్రకటించారు. ఆ ఊళ్లు మేల్కొన్నది గొయ్యి పడకముందు. అందుకే వాళ్ల మాటకు బలం వచ్చింది.

ఇల్లు కాలాక బావి తవ్వినట్టు అంటారు పెద్దలు. ఇక్కడ సామెత తిరగబడుతుంది, బావి తవ్వాక ఇల్లు గుర్తుకొస్తే ప్రయోజనం లేదు. ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన దినపత్రికలోనే వస్తుంది, ఏదో ఓ లోపలి పేజీలో, ఓ మూల, చిన్న అక్షరాల్లో. బజ్జీలు చుట్టడానికి ఆ కాగితం చింపేముందు ఇంట్లో చదువుకున్న పిల్లలు దాన్ని ఓసారి పైకి చదివి అవ్వాతాతలకు వినిపిస్తే చాలు. ఏ బావి ఎంత లోతో, ఏ వాగు ఎటు పారేదో చెప్పగలిగింది వాళ్లే.