కచేరీలో మన మాట

డిసెంబరు నెల వచ్చినదన్న చెన్నపురి సభలన్నియు కిటకిటలాడును. 1927 లో ఇచ్చట కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సదస్సు ఫలితముగా, 1928 లో మ్యూజిక్ అకాడమీ వెలసినది. పిదప ఈ నగరమున ఎన్ని సభలు లేచినను, కచేరీలో ప్రధాన కీర్తన తరచుగా త్యాగరాజస్వామిదే, అనగా తెలుగుదే. ఇది మనకు గర్వకారణమని మన వార్షికోత్సవములందు ఉపన్యాసకులు చెప్పుచునే యుందురు. గర్వపడుటకు ఖర్చు లేదు గదా! ఆ మాట మన పిల్లలకు అర్థమగుచున్నదా అన్నదే నా ప్రశ్న.

1990 ప్రాంతమున మా తండ్రిగారు కొత్వాల్ చావడిలో వ్యాపారము చేసెడివారు. సాయంకాలము లెక్కలు ముగించి, నన్ను వెంటబెట్టుకొని బస్సులో మైలాపూరు కచేరీలకు పోయెడివారు. నాకు మిక్కిలి ఇష్టమైనవి మాండొలిన్ శ్రీనివాస్ గారి కచేరీలు. 1969 లో పాలకొల్లున పుట్టిన ఆ విద్వాంసుడు పాశ్చాత్యుల వాద్యమును గైకొని, నాలుగు జంట తీగెలకు మారుగా అయిదు ఒంటి తీగెలు గల విద్యుత్ మాండొలిన్‌పై గమకములు పలికించెను. కుర్రవాండ్రము మేము ఆ వేగమునకు మురిసెడివారము. తండ్రిగారి తీరు వేరు. వాద్యమునకు మాటలు లేవు గనుక, ఆయన నా చెవిలో సాహిత్యమును మెల్లగా చెప్పుచు, ఏ సంగతి ఏ పదముమీద పడుచున్నదో నా అరచేతిలో వ్రేలితో తట్టి చూపెడివారు. ముందు వరుసలోనివారు వెనుదిరిగి కోపముగా చూచినను మానలేదు. నాకు కీర్తనల తెలుగు తెలిసినది ఆ విధముగానే. (సభ క్యాంటీనులోని దోసెయు ఒక ఆకర్షణయే యనుకొనుడు.) 1996 లో చావడి బజారు కోయంబేడునకు తరలినది. నడిరేయి సరకు దిగెడి అచ్చటి వ్యాపారమున, సాయంకాలపు కచేరీలు మావంటి ఇండ్లకు దూరమైనవి. శ్రీనివాస్ గారును 2014 లో 45 ఏండ్లకే గతించిరి.

ఇప్పుడు మన పిల్లలు సంగీతపు పాఠములో కీర్తనను తమిళ లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో వ్రాసికొనుచున్నారు. తమిళ లిపి తమిళమునకు చక్కగా సరిపోవును. అందు దోషము లేదు. కాని తెలుగును అందు వ్రాసినచో ఫలము, బలము రెండును ఒక్క తీరుననే కనబడును. అందుకే పాటల పుస్తకములలో అక్షరముల ప్రక్కన చిన్న అంకెలు వేయుదురు. పిల్లలు ఆ అంకెలను వదలివేయుదురు. ఫలము కోరవలసిన భక్తుడు బలము కోరుచుండును! తమిళ విద్వాంసులు పలువురు శ్రద్ధతో అర్థము తెలిసికొని పాడుచుండగా, తెలుగింటి పిల్ల మాట తప్పి పలికిన మనసు చివుక్కుమనును.

బడిని నమ్ముకొందమన్న, 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతితో ఆరంభమై, ఏటికొక తరగతి చొప్పున పెరిగి, 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. మినహాయింపులకై న్యాయస్థానములకు పోయినవారున్నారు. ఆ ప్రయత్నము సాగవలసినదే. కాని తీర్పు వచ్చువరకు పిల్లల యెదుగుదల ఆగదు.

కావున మన సంఘమువారికి నా సూచన యిది. ధనుర్మాసపు ఆదివారములందు ఉదయము పిల్లలను మన హాలులో కూర్చుండబెట్టి, సభలలో తరచు వినవచ్చు కీర్తనలు ఒకటి రెండు తెలుగు అక్షరములలో చదివించి, అర్థము చెప్పవలెను. ఇందుకు విద్వాంసులే అక్కరలేదు. తెలుగు చదువనేర్చిన తాతలు, అమ్మమ్మలు చాలును. పిదప వారిని కచేరీకి తీసికొనిపోవచ్చును. పెక్కు సభలలో మధ్యాహ్నపు కచేరీలకు టిక్కెట్టు లేదు. కాగితము, అచ్చు ఖర్చు ఈ యేడు నేను పెట్టుకొందును. చదివించుటకు రాగల పెద్దలు తమ పేర్లను కార్తీకము లోపల సంఘ కార్యాలయమున ఇచ్చునది.