ముక్కులో ఫిల్టర్.. మాస్కుకు బదులు కాదు

‘డాక్టర్ గారూ, మాస్కు పెట్టుకుంటే ఊపిరాడటం లేదు. ముక్కులో పెట్టుకునే చిన్న ఫిల్టర్లు దొరుకుతున్నాయట, అవి చాలవా?’ ఓపీలో ఈ ప్రశ్న వింటున్నప్పుడు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీరు దేన్ని ఆపాలనుకుంటున్నారు?

మన ముక్కే ఒక ఫిల్టర్. అందులోని వెంట్రుకలు, జిగురు పొర 10 మైక్రాన్లకు మించిన కణాలను చాలావరకు పట్టేస్తాయి. పుప్పొడి, ఊడ్చేటప్పుడు కంటికి కనిపించేలా లేచే దుమ్ము ఈ కోవలోవే. ఎలర్జీ ఉన్నవారికి ఇవి ముక్కులో చిక్కుకోగానే తుమ్ములు, ముక్కు కారడం మొదలవుతాయి. వాటిని గుమ్మంలోనే ఆపితే కొంత ఊరట. డెన్మార్క్‌లో గడ్డి పుప్పొడి ఎలర్జీ ఉన్నవారిపై జరిపిన పరీక్షల్లో నాసల్ ఫిల్టర్లతో లక్షణాలు కొంత తగ్గాయి. వయ్యారిభామ పూతకు తుమ్ములు పట్టేవారు, ఇంట్లో బూజు దులిపేవారు వాడి చూడొచ్చు.

ఊపిరితిత్తులకు, గుండెకు ఎక్కువ చేటు చేసేవి మాత్రం పొగలోని సన్నటి కణాలు.. పీఎం 2.5. వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉండి, ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. వీటిని గట్టిగా ఆపే వడపోతను ముక్కురంధ్రమంత చోటులో అమరిస్తే గాలి పీల్చడం కష్టం. సులువుగా గాలి ఆడేలా చేస్తే వడపోత తగ్గుతుంది. పైగా మెట్లెక్కేటప్పుడు, మాట్లాడేటప్పుడు, జలుబు చేసినప్పుడు నోటితోనూ గాలి పీలుస్తాం. అప్పుడు ముక్కులోని ఫిల్టర్‌తో పనేముంది? వాహనాల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులనూ ఇది ఆపలేదు.

అందుకే ట్రాఫిక్‌లో బండి నడిపే ఆస్తమా రోగులకు, ఇంట్లో టైల్స్ కోయిస్తున్నప్పుడు దగ్గర ఉండాల్సినవారికి ఎన్95 మాస్కే మేలు. 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపేలా దాన్ని తయారుచేస్తారు. అదీ ముక్కును, నోటిని కప్పి, అంచుల్లో సందు లేకుండా అతుక్కుంటేనే.

ఫిల్టర్ కొనేవారు ప్యాకెట్ చూడండి. ఎంత పరిమాణం కణాలను, ఎంత శాతం ఆపుతుందో రాసి లేకపోతే పక్కన పెట్టేయండి. ఒకరిది మరొకరు వాడొద్దు. తడిస్తే, మురికిపడితే మార్చేయాలి. చిన్నపిల్లలకు అసలే వద్దు, లోపలికి పీల్చేసే ప్రమాదం ఉంది. తరచూ ముక్కు నుంచి రక్తం కారేవారు, ముక్కులో కండ పెరిగినవారు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది వేరు. ఫిల్టర్ ఉంది కదా అని ఇన్‌హేలర్ మానేయడం, పడగ్గదిలో దోమల కాయిల్ వెలిగించి తలుపులు మూసుకోవడం. ముందు ఆ కాయిల్ ఆర్పి, దోమతెర కట్టండి. వాకిట్లో చెత్త తగలబెట్టడం మానండి. రాసిచ్చిన ఇన్‌హేలర్ రోజూ వాడండి. ఆ తర్వాతే ఫిల్టర్ సంగతి.