అదే గిటారు, అదే దిగులు

మా అబ్బాయి రోజూ మారికుప్పం రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్తాడు. దారి పొడుగునా చెవిలో ఇంగ్లీషు పాటలే! వాటిని 'పవర్ పాప్' అంటారట. 1967లో 'ద హూ' బృందంలోని పీట్ టౌన్షెండ్ పెట్టిన పేరు. గట్టి గిటారు, ఇట్టే నోటికొచ్చే వరస, అడుగున కాస్త దిగులు. నాకూ వినిపించాడు. కొత్తగా అనిపించలేదండీ! 1988లో వచ్చిన 'అభినందన' పాటలను టేపు సాగిపోయేదాకా విన్నవాళ్లం మరి. అక్కడ గిటారు ఇళయరాజాది, దిగులు ఆత్రేయగారిది.

2001 ఫిబ్రవరి 28న కె.జి.ఎఫ్. గనులు మూతపడ్డ రాత్రి మావారు అన్నం ముట్టలేదు, పలకలేదు. ఆ క్యాసెట్టే తిరగేసి మరగేసి విన్నారు. ఈ సంగతి అబ్బాయికి మొన్ననే చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు రైల్లోంచి ఫోను చేసి సినిమా పేరు మళ్లీ అడిగాడు.