పక్షి లేని పక్షి చిత్రం



ఈ నెల ఒక తప్పిదం గురించి రాస్తున్నాను. ఆ తప్పిదం నాదే.

చలికాలం వచ్చిందంటే మా తీరమంతా పక్షుల మాటే. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్లే దారి పులికాట్ సరస్సును చీల్చుకుంటూ సాగుతుంది. ఆ దారికి ఇరువైపులా లోతులేని నీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి నిలుస్తాయి. ఇక్కడివారు వాటిని రాజహంసలని పిలుస్తారు. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, మా నోటికి మాత్రం అది ఇంకా నెల్లూరు తీరమే.

కొన్నేళ్ల క్రితం పక్షుల పండుగ రోజుల్లో మా ఊరి యువకులు కొందరు పిల్లలకు ఫోటోల పోటీ పెట్టారు. సెల్‌ఫోన్‌తో తీసినవైనా సరే, ఎప్పుడు తీసినవైనా సరే, విషయం మాత్రం 'మా సరస్సు పక్షులు'. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నన్నూ ఒకరిగా కూర్చోబెట్టారు. నాకు కెమెరా పట్టుకోవడం కూడా సరిగా రాదు. మదరసాలో పాఠాలతో పాటు పిల్లలకు అరబీ అందమైన దస్తూరి నేర్పుతాను కనుక, నాకు 'చూసే కన్ను' ఉందని వారు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఫోటోలు చాలానే వచ్చాయి. ఎగిరే పక్షుల బారులు, సూర్యాస్తమయం, గులాబీ రెక్కలు. వాటి మధ్య ఒక చిత్రంలో పక్షే లేదు. ఎండి బీటలు వారిన బురద, అందులో గుండ్రని గుంటలు కొన్ని, అంతే. "పక్షుల పోటీకి పక్షి లేని ఫోటో పంపాడే!" అని నవ్వి పక్కన పెట్టాను. మిగతా ఇద్దరూ నవ్వారు. మొదటి బహుమతి ఎర్రని ఆకాశంలో ఎగురుతున్న పక్షుల గుంపుకు దక్కింది.

ఆ చిత్రం పంపినది నా వద్ద చదువుకునే కుర్రవాడే. అతని తండ్రి సరస్సు ఒడ్డున చేపలు కొని, చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముకుంటాడు. నా నవ్వు అతని చెవిన పడిందని నాకు కొన్ని రోజుల తర్వాత తెలిసింది. పిలిచి అడిగాను: "పక్షి ఏది నాయనా?"

"పక్షి వెళ్లిపోయింది హజ్రత్. అది తిన్న చోటు మిగిలింది" అన్నాడు తల దించుకుని.

తర్వాత నేను అడగగా అడగగా వివరించాడు. రాజహంస తలను తలకిందులుగా వంచి ముక్కును నీటిలో ముంచుతుంది. కాళ్లతో బురదను తొక్కుతూ తన చుట్టూ తానే తిరుగుతుంది. అలా పైకి లేచిన సన్నని జీవులను, నాచును ముక్కుతో వడగట్టుకుని తింటుంది. వేసవిలో నీరు ఇంకిపోయాక ఆ తొక్కిళ్లు గుండ్రని గుంటలుగా మిగులుతాయి. ఇదంతా అతడు తండ్రి వెంట వెళ్తూ చూసి తెలుసుకున్నాడు. నేను తరువాత చదివి తెలుసుకున్నది మరొకటి ఉంది: ఆ పక్షి రెక్కల గులాబీ రంగు అది తినే తిండి నుండే వస్తుంది. అంటే మేము బహుమతి ఇచ్చిన రంగు పుట్టినది, మేము నవ్విన ఆ బురదలోనే.

"ఆ ఫోటో మళ్లీ చూపించు" అన్నాను. "తీసేశాను హజ్రత్" అన్నాడు.

ఆ మాట ఈనాటికీ నన్ను వదలలేదు. ప్రాణుల చిత్రాల విషయంలో మన ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి పాఠకులకు తెలుసు. ఆ చర్చ ఇక్కడ చేయబోను. కానీ ఎంతటి కఠినుడైనా అభ్యంతరం చెప్పలేని చిత్రం ఆ రోజు అదొక్కటే. దానినే నేను తోసిపుచ్చాను. అక్షరాల మధ్య మిగిలే తెల్లని ఖాళీని కూడా చూడాలని పిల్లలకు రోజూ చెప్పేవాడిని, బురదలోని ఖాళీని చూడలేకపోయాను.

ఎందుకిలా జరిగింది? దీనికి సమాధానం వెయ్యేళ్ల క్రితమే బస్రాలో పుట్టిన ఒక పండితుడు రాశాడు. ఇబ్ను హైసమ్ క్రీ.శ. 965 ప్రాంతంలో జన్మించి, కైరోలో జీవితం ముగించాడు. చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా వెలుతురును పంపి పరిశోధించాడు. నేటి కెమెరాకు మూలమైన సూత్రం అదే. చూపు గురించి ఆయన రాసిన 'కితాబుల్ మనాజిర్'లో రెండు రకాల చూపులను వేరు చేశాడు. ఒకటి తొలిచూపు, రెండవది నిలకడగా పరిశీలించే చూపు. ముందే తెలిసిన వస్తువును మనం ఒకటి రెండు గుర్తులతోనే చప్పున పోల్చుకుంటామని, తొలిచూపుతో సరిపెట్టుకుంటే సూక్ష్మమైన సంగతులు తెలియవని ఆయన వివరించాడు. ఆ రోజు మేము ముగ్గురం చేసినది అదే. తెలిసిన గుర్తుల కోసం వెతికాము, కనిపించిన వాటికి బహుమతి ఇచ్చాము.

మన తీరంలోనే మరో ఉదాహరణ ఉంది. నేలపట్టు చెరువులో చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్టతో కొమ్మలు తెల్లబడతాయి. పట్నం నుండి వచ్చినవారికి అది మురికి. ఆ ఊరి రైతుకు మాత్రం ఆ రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు. అందుకే ఆ ఊరివారు పక్షులను కాపాడుకుంటూ వచ్చారు. కన్ను అందరికీ ఒకటే, చూపు మాత్రం బతుకులో నుండి వస్తుంది. చేపలమ్మేవాని కుమారునికి ఉన్న చూపు నాకు లేదు.

కనుక తల్లిదండ్రులకు, నాతోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలు తీసిన ఫోటో చూపించినప్పుడు "బాగుంది" అనీ, "బాగాలేదు" అనీ వెంటనే అనకండి. ముందు కాసేపు మౌనంగా చూడండి. తరువాత "ఇందులో నీకు ఏమి కనిపించింది?" అని అడగండి. వెలుతురు, నేరుగా పట్టడం, అంచులు సరిచేయడం వంటివి ఆ తర్వాత నేర్పవచ్చు. పోటీ పెట్టేవారు ప్రతి చిత్రంతోనూ రెండు వాక్యాలు రాయించుకుంటే, నాలాంటి వాడు నవ్వే ముందు చదువుతాడు. చిత్రం కోసం గూళ్ల దగ్గరకు వెళ్లవద్దని కూడా పిల్లలకు చెప్పండి. తల్లి పక్షి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకు, కాకులకు బలవుతాయి.

ఆ మరుసటి జుమా తర్వాత పిల్లలందరి ముందు ఆ కుర్రవాని చిత్రం గురించి చెప్పి, నా పొరపాటు ఒప్పుకున్నాను. అతడు ఏమీ అనలేదు. వేసవిలో నీరు ఇంకాక మాత్రం ఒక సాయంత్రం వచ్చి, "రండి హజ్రత్, చూపిస్తాను" అన్నాడు. ఇద్దరం వెళ్లాము. బురదలో ఆ గుంటల పక్కన చాలాసేపు కూర్చున్నాము. ఆ రోజు ఫోన్ అతని జేబులోనే ఉండిపోయింది.