పేరునందును పరాధీనతయేనా?

సాలూరు లారీలకు పేరుగన్న పట్టణము. ఒడిశా కొండలకును రాయపూరునకును పోవు దారిప్రక్క నొక గడియసేపు నిలిచినచో మనవారు పేరులు పెట్టుకొను తీరు కనులకు గట్టును. లారీ నుదుట యజమాని కోరి వ్రాయించిన పేరుండును. ఒకరిది శ్యామలాంబ పేరు. మరియొకరిది పైడితల్లి పేరు. వేరొకరిది ముద్దుబిడ్డ పేరు. అప్పుచేసి కొన్న బండికి, నిద్రమాని నడపు బండికి, ఇంటిల్లిపాదికి కూడుపెట్టు బండికి మనుష్యుడు ఊరక పేరు పెట్టడు. తనకెవరు పూజ్యులో, ఎవరు ప్రియులో వారి పేరునే తలపై నెత్తుకొని ఊరూర చూపుకొనును.

ఆ యజమానియే, లేదా ఆతని కుమారుడే, సాయంకాలము సెల్‌ఫోను తెరచి అంతర్జాలమున అడుగుపెట్టునప్పుడు ధరించు పేరేది? అచ్చులు రాలిపోయిన ఇంగ్లీషు అక్షరములు కొన్ని. వాని తోక పట్టుకొని అంకెలు కొన్ని. ముఖచిత్రము స్థానమున ఒక సినిమా నాయకుని మొగము. బండికి పట్టిన భాగ్యము బండి యజమానికి పట్టదాయెనే యని మేము విచారించుచున్నాము.

ఇది పిల్లల వేడుక, దీనికి సంపాదకీయమేల యని పెదవి విరుచువారుందురు. వారికి మా ప్రత్యుత్తర మిది. ఒకనాడు మనుష్యుని పేరు ఊరిరచ్చలో పలుకబడెడిది. నేడు రచ్చ సెల్‌ఫోనులోనికి తరలిపోయినది. మంత్రిగారికి మొర పెట్టుకొనుట అచ్చటనే, సరకు బేరమాడుట అచ్చటనే, పెండ్లి వార్తయు చావు వార్తయు చాటుట అచ్చటనే. ఆ రచ్చలో మనుష్యుడు చేయు మొదటి పని పేరు చెప్పుకొనుట. మొదటి పనియే పరుల అచ్చున పోసినదైనచో, తక్కిన పలుకులలో స్వాతంత్ర్యమును వెదకుట యెట్లు?

దోషము మొదట ఎవరిదో చెప్పెదము. వాడుకరి పేరు, అనగా లోకమంతట ఆ మనుష్యుని ఒక్కనినే గుర్తించు పేరు, ఎక్స్ అను వేదికపై రోమను అక్షరములు, అంకెలు, అడుగుగీత తప్ప వేరొకటి ఎరుగదు; అదియును 15 గుర్తులకు మించరాదు. ఇన్‌స్టాగ్రామున 30 గుర్తులవరకు సెలవు కలదు, చుక్కకు కూడ చోటు కలదు. తెలుగక్షరమునకు మాత్రము చోటు లేదు. కోట్లాది తెలుగువారి చేత తమ అంగడి నింపించుకొను ఈ కంపెనీలు, గుమ్మమునొద్ద మాత్రము "నీ అక్షరమును వెలుపల విడిచి రమ్ము" అని శాసించుచున్నవి. చెప్పులు విడిచి దేవాలయమునకు పోవుదుము. అక్షరములు విడిచి అంగడికి పోవలసిన గతి ఏల పట్టినది?

ఈ మర్యాద మన ప్రాంతమునకు క్రొత్త కాదు. శ్రీకాకుళమును పలుకనేరని దొరలు దానిని చికాకోలు చేసిరి. విశాఖపట్టణమును వైజాగపటము చేసిరి. విజయనగరము నేటికిని ఆంగ్లమున జకారమునకు మారు జడ్డును మోయుచునే యున్నది. మన సాలూరునకు తుది యుకారము ఎగిరిపోయి సాలూర్ అయినది. నాడు పరులు మన ఊళ్ల పేరులను విఱిచిరి; నేడు మనమే కూర్చుండి మన బిడ్డల పేరులను విఱుచుచున్నాము. నాటి దొరకు నోరు తిరుగలేదన్న సాకైన ఉన్నది. మనకు ఏ సాకున్నది?

రోమను లిపి మన పేరులకు చేయు హాని యెట్టిదో విడమరచి చూడుడు. "శ్రీ" అను ఒక్క అక్షరమును ఆ లిపిలో వ్రాయబూనినచో ఎస్సుతో ఒకరు, ఎస్సుకు హెచ్చు చేర్చి ఒకరు, ఒంటి ఐతో ఒకరు, జంట ఈలతో ఒకరు: నాలుగు తెఱగులు. అక్షరము ఒకటి, రూపములు నాలుగు. ఇది సమృద్ధి యనుకొనిన, దాని దారిద్ర్యమును చూడుడు. వాగ్దేవియగు "వాణి"యు, "వాని" యిల్లు అనునప్పటి "వాని"యు అచ్చట ఒకటే. "కాళి"యు "కాలి"యు ఒకటే. "కళ"యు "కల"యు ఒకటే. ఒకచోట ఒక్క పేరు నాలుగగును, మరియొకచోట రెండు పేరులు ఒకటగును. పేరు పెట్టుట మనుష్యుని వేరుపరచి గుర్తించుటకే గదా! గుర్తు చెరిపివేయు లిపిలో గుర్తింపు కోరుచున్నాము. కోరిన పేరు అప్పటికే ఒకరు తీసికొని యుండుటచే వెనుక అంకెలు తగిలించుకొని, జైలులోని ఖైదీవలె సంఖ్యతో తిరుగుచున్నాము.

కంపెనీల పక్షమున ఒక వాదము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. పలు లిపులకు తలుపు తెరచినచో మోసములు పెరుగుననియు, రష్యను లిపిలోని ఒక అక్షరము రోమను "ఎ"వలె నుండుటచే దొంగ పేరు దొర పేరుగా చలామణి యగుననియు వారందురు. మాటలో నిజము కలదు. మన తెలుగు కన్నడ లిపులే అక్కచెల్లెండ్రు. కొన్ని అక్షరములు కవలలవలె నుండును. కాని మందు లేని రోగము కాదిది. ఒక పేరులో రెండు లిపులను కలుపరాదని నియమింపవచ్చును. ఉన్న పేరును పోలిన పేరు వచ్చినపుడు నిరాకరింపవచ్చును. యూనికోడు మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగు లిపికి స్థానము లభించినది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాలో వాడుకరులు అచ్చతెలుగు అక్షరములతో పేరు పెట్టుకొని పనిచేయుచున్నారు. అదే పేరుతో అన్ని భాషల వికీపీడియాలలోను ప్రవేశించుచున్నారు. రోమనేతర లిపులలో ఈమెయిలు చిరునామాలకు కావలసిన ప్రమాణములు 2012 నాటికే సిద్ధమైనవి. అట్టి చిరునామాలతో ఉత్తర ప్రత్యుత్తరములు నడపుటకు 2014లో జీమెయిలు సమ్మతించినది. విరాళములపై బ్రతుకు విజ్ఞానసర్వస్వము చేయగలిగిన పనిని కోటానుకోట్లు గడించు కంపెనీలు చేయలేవా? చేయలేక కాదు, అడుగువారు లేక.

అడుగవలసినవారు మనము. ఇక మన దోషమునకు వత్తము.

అదే వేదికలపై వాడుకరి పేరునకు తోడు పైకి కనబడు పేరొకటి కలదు. అచ్చట తెలుగునకు అభ్యంతరము లేదు. అయినను మనవారిలో ఎందరు తెలుగున వ్రాసికొనుచున్నారు? తలుపు మూసినచోట కంపెనీని నిందింతము. తెరచినచోట గడప దాటని మనలను ఎవరు నిందింపవలెను?

ఈ దాస్యము సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. ఈ సీమయే సాక్ష్యము చెప్పగలదు. సాలూరునకు సమీపమున శివరామపురమున 1922లో జన్మించిన సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావుగారు ఊరిపేరునే ఇంటిపేరుగా కలవారు. వెండితెర ఆయనను "ఎస్. రాజేశ్వరరావు" అని పిలిచినది. ఒక్క ఎస్సు సాలూరును మ్రింగివేసినది! తెలుగక్షరములతో వ్రాయునప్పుడును మనము పొడియక్షరములను ఇంగ్లీషు వర్ణముల పేరులతోనే పలుకుచున్నాము, "సా." అని వ్రాయుటకు సిగ్గు, "ఎస్." అని వ్రాయుట గౌరవము.

ఈ గాలిలోనే ఎదురీదినవారును ఈ ఉత్తరాంధ్రముననే పుట్టిరి. శ్రీరంగం శ్రీనివాసరావుగారు తన పేరులోని రెండు మొదటి అక్షరములను కలిపి శ్రీశ్రీ అయిరి. విజయనగరమున జీవితము గడపిన చాగంటి సోమయాజులుగారు చాసో అయిరి. కాళీపట్నం రామారావుగారు కారా అయిరి. వీరెవరును ఇంగ్లీషు రానివారు కారు. వీరి పేరులు పొట్టివి, ఒకసారి విన్న మరువరానివి, తెలుగు నాలుకకు తేలికయైనవి. ఇంటిపేరును పారవేయలేదు, అంకెలు తగిలించుకొనలేదు, పరుల మొగము తెచ్చుకొనలేదు. కుదించిన పేరు మన అక్షరములలో ఎంత సొంపుగా నిలుచునో నేర్పిన గురువులు మన ముంగిటనే యుండగా, నేటి యువకుడు పదునైదు గుర్తుల ఇరుకు గదిలో ఇమడలేక అచ్చులను కోసికొనుచున్నాడు. రాజేశ్వరరావుగారి పూర్తి పేరును రోమను లిపిలో వ్రాసిన పదునెనిమిది గుర్తులగును. ఆ గుమ్మమున అది పట్టనే పట్టదు.

ఇక బొమ్మ సంగతి. దానిని లోకము "అవతార్" అనుచున్నది. మాట మనదే; 1980ల నడుమ అమెరికా వారి కంప్యూటరు ఆటలలో చొచ్చి లోకమంతట వ్యాపించినది. మన పురాణములలో అవతారమెత్తినవాడు ఒక కార్యభారమును తలదాల్చి దిగివచ్చును. నేటి అవతారములు కార్యభారమును తప్పించుకొనుటకు ఎత్తబడుచున్నవి. అభిమాన నటుని మొగము పెట్టుకొని, ఆ చాటుననుండి ఎదుటి నటుని ఇంటి ఆడువారిని తూలనాడువారిని చూచుచున్నాము. కులనామమును పతాకమువలె పేరునకు కట్టి పొరుగు కులమును తిట్టువారిని చూచుచున్నాము. లారీ నుదుట అమ్మవారి పేరు వ్రాసికొన్నవాడు ఆ పేరు చెడకుండ బండి నడపవలెనని భయపడును. అరువు మొగము తొడిగినవానికి చెడుటకు పేరేది?

ఈ మాట విని, "మారుపేరులనే నిషేధింపుడు, గుర్తింపు కార్డు చూపనిదే ఎవ్వరిని మాటాడనీయకుడు" అని కేకవేయు పెద్దలు కలరు. మేము వారితో ఏకీభవింపము. దక్షిణ కొరియా 2007లో పెద్ద వేదికలపై అట్టి నిర్బంధము విధించెను. 2011లో అచ్చటి ఒక పెద్ద సంస్థనుండి మూడున్నర కోట్లమంది వివరములు దొంగలపాలాయెను. 2012లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే ఆ నియమమును కొట్టివేసెను. నిజనామము కానిదే సమ్మతింపమన్న ఫేస్‌బుక్కు, అమెరికా ఆదివాసుల అసలు పేరులనే బూటకములని త్రోసివేసి అపకీర్తి గడించెను. మన మన్యమునందలి సవరలు, జాతాపులు, కొండదొరలు ఈ వార్తను చెవిని బెట్టవలెను. పట్నపు గుమాస్తాకు క్రొత్తగా తోచిన పేరు పేరే కాదను న్యాయము మొదట తగులునది వారికే.

మారుపేరు పాపము కాదు. అధికారి లంచమును బయటపెట్టు చిరుద్యోగికి అది కవచము. భర్త చేతి దెబ్బలను చెప్పుకొను ఇల్లాలికి అది గొంగడి. బలహీనుడు బలవంతుని ఎదుర్కొనుటకు మొగము దాచుకొనిన అది యుద్ధధర్మము; బలవంతుడు బలహీనుని కొట్టుటకు మొగము దాచుకొనిన అది దోపిడి. ఈ రెంటికిని ఒకటే శిక్ష వేయు చట్టము గ్రుడ్డిది. బెజవాడ స్వరాజ్య పత్రికయందలి వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో రాజద్రోహ నేరమున చెరసాలకు పోయిరి. సామ్రాజ్యము నెదుటనే ఆయన సొంత పేరుతో నిలిచిరి. అంతటి ధైర్యము ఎల్లరినుండి కోరము. మారుపేరే యైనను, అది నీదై యుండవలెను. దాని క్రింద పలికిన పలుకును రేపు కాదనకుండవలెను. ఇంతమాత్రమే కోరుచున్నాము. శ్రీశ్రీ యనునది పెట్టుకొన్న పేరే; ఆ పేరుతో పలికిన ఏ పలుకునకును ఆయన తప్పించుకొని పోలేదు.

కావున చదువరులారా, చేయవలసినది స్పష్టము. వేదికలపై పైకి కనబడు పేరును నేడే తెలుగక్షరములలో వ్రాసికొనుడు. దీనికి ఎవరి సెలవును అక్కరలేదు. పొడియక్షరములను తెలుగున పెట్టుకొనుడు. ఉపాధ్యాయులు బడిపిల్లలకు చాసో, కారాల దారి చూపవలెను. పఠనాలయములవారు అక్షరములు కొట్టుట తెలియని పెద్దలకు దగ్గర కూర్చుండి నేర్పవలెను. వాడుకరి పేరునకు తెలుగు లిపిని అనుమతింపుడని ప్రతి పట్టణమునుండి కంపెనీలకు జాబులు పోవలెను. ఈ దేశమున వ్యాపారము చేయువారు ఈ దేశపు లిపులను గుమ్మమునొద్ద ఆపరాదని మన శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును పట్టుపట్టవలెను. తెలుగునకు వేరు రాష్ట్రమును సాధించుకొన్న జాతికి తెలుగున పేరు వ్రాసికొను హక్కును సాధించుట గగనము కాదు.

లారీ నుదుట పేరు వ్రాయించునప్పుడు మన సాలూరువాడు చిత్రకారుని ప్రక్కనే నిలిచి, ఒక్క గుడి తప్పినను, ఒక్క దీర్ఘము లోపించినను ఊరకొనక చెరిపించి మరల వ్రాయించును. ఇనుప బండి పేరునకు చూపు ఆ పట్టుదలలో సగమైనను తన పేరునకు చూపునా? చూపిన నాడు ఏ కంపెనీ తలుపును మూసియుండజాలదు.